వెన్నుపూసల నడుమ నిలిచే కేజ్: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

వెన్నెముకలో అమర్చే ఇంప్లాంట్ల గురించి ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే వస్తువు చుట్టూ తిరిగాయి. దెబ్బతిన్న డిస్క్‌ను తీసేసి, ఆ ఖాళీలో రెండు వెన్నుపూసలను ఎడంగా నిలిపి ఉంచే కేజ్ అది. అటువంటి కేజ్‌ల రూపకల్పనలో పనిచేసే ఇంజినీరుగా నాకు తెలిసిన మేరకు జవాబులు రాస్తున్నాను. ఎవరికి శస్త్రచికిత్స అవసరం, ఎవరికి కాదు అన్నది రోగిని పరీక్షించిన వైద్యులే చెప్పవలసిన మాట కనుక అటువంటి ప్రశ్నల జోలికి వెళ్లలేదు.

ప్రశ్న: మా నాన్నగారికి నడుములో నాలుగు, అయిదు పూసల మధ్య డిస్క్ తీసేసి కేజ్ పెట్టారు. వెనక వైపు స్క్రూలు, రాడ్లు కూడా బిగించారు. ఇంత చేశాక కూడా ‘ఇక ఎముక అతుక్కోవాలి, దానికి నెలలు పడుతుంది’ అంటున్నారు. లోహం బరువు మోస్తూనే ఉంది కదా, ఎముక అతుక్కోకపోతే నష్టమేమిటి?

జవాబు: నష్టం ఉంది. కేజ్‌ను గాని, స్క్రూలను గాని మనిషి బతికినంత కాలం ఒంటరిగా బరువు మోయడానికి తయారు చేయరు. స్లాబ్ పోసేటప్పుడు కింద నిలబెట్టే సెంట్రింగ్ కాంక్రీటు గట్టిపడేదాకా ఏ పని చేస్తుందో, పై పూస నుంచి కింది పూసకు కొత్త ఎముక పెరిగి రెండూ ఒకటయ్యేదాకా కేజ్ చేసే పని కూడా అదే. తేడా ఒక్కటే: సెంట్రింగ్‌ను తర్వాత విప్పేస్తారు, కేజ్‌ను మాత్రం సాధారణంగా లోపలే ఉంచేస్తారు.

నడుము మీద పడే భారం మనం ఊహించే దానికంటే చాలా ఎక్కువ. జర్మనీలోని ఉల్మ్‌లో హాన్స్ యోఆకిమ్ విల్కే బృందం ఒక స్వచ్ఛంద వ్యక్తి నడుము డిస్క్‌లో సన్నని పీడన మాపకం అమర్చి కొలిచిన ఫలితాలను 1999లో ప్రచురించింది. పడుకున్నప్పుడు సుమారు 0.1 మెగాపాస్కల్, నిటారుగా నిలబడినప్పుడు 0.5 మెగాపాస్కల్ ఉన్న పీడనం, వెన్ను వంచి 20 కిలోల బరువు ఎత్తినప్పుడు 2.3 మెగాపాస్కళ్లకు చేరింది. అదే బరువును మోకాళ్లు వంచి ఎత్తితే 1.7 మాత్రమే. ఇరవై కిలోలకే అంత పెరగడానికి కారణం తులాదండ సూత్రం. చేతిలోని బరువు పూసల మధ్యభాగానికి చాలా ముందుకు ఉంటుంది. దానిని నిలువరించవలసిన వెన్ను కండరాలు మాత్రం కేవలం కొన్ని సెంటీమీటర్లు వెనక ఉంటాయి. తక్కువ దూరం నుంచి లాగవలసి వచ్చిన కండరం ఎన్నో రెట్లు ఎక్కువ బలంతో లాగుతుంది, ఆ లాగుడంతా నొక్కుడుగా మారి పూసల మీదే పడుతుంది.

ఇటువంటి భారం ఒక్కసారి పడితే కేజ్‌కు ఏమీ కాదు. సమస్యంతా అది లక్షల సార్లు పడడంలో ఉంది. రోజుకు 5,000 అడుగులు వేసే మనిషి ఏడాదికి 18 లక్షలకు పైగా అడుగులు వేస్తాడు. మళ్లీ మళ్లీ వంగే తీగ చివరికి తెగినట్లే, చిన్న భారమైనా పదేపదే పడితే లోహం అలసిపోయి పగులుతుంది. ఎముకలోనూ అటువంటి సూక్ష్మమైన పగుళ్లు వస్తాయి గాని, ఎముక సజీవం కనుక వాటిని ఎప్పటికప్పుడు పూడ్చుకుంటుంది. లోహానికి ఆ శక్తి లేదు. అందుకే శస్త్రచికిత్స జరిగిన రోజు నుంచి ఎముక అతుక్కోవడానికీ, లోహం అలసిపోవడానికీ మధ్య పందెం మొదలవుతుంది. ఆరు నెలల నుంచి ఏడాదిలోగా ఎముక గట్టిపడితే స్క్రూల మీద భారం తగ్గిపోతుంది. అతుకు పడకపోతే స్క్రూ వదులు కావడమో, రాడ్ విరగడమో జరగవచ్చు. పొగతాగడం మానమని వైద్యులు అంత గట్టిగా చెప్పడం కూడా ఇందుకే, పొగ ఎముక అతుక్కోవడాన్ని స్పష్టంగా దెబ్బతీస్తుంది.

ప్రశ్న: కేజ్ అనే ఆలోచన ఎక్కడి నుంచి వచ్చింది? ఎముక ముక్కనే పెట్టవచ్చు కదా?

జవాబు: మొదట ఎముక ముక్కలే పెట్టేవారు. 1911లో అమెరికాలో రస్సెల్ హిబ్స్, ఫ్రెడ్ ఆల్బీ విడివిడిగా వెన్నుపూసలను అతికించే శస్త్రచికిత్సలను ప్రకటించారు, క్షయవ్యాధితో వెన్ను కూలిపోతున్న రోగుల కోసం ఆ ప్రయత్నాలు సాగాయి. తర్వాతి దశాబ్దాల్లో రాల్ఫ్ క్లోవర్డ్ వంటి శస్త్రవైద్యులు డిస్క్ స్థానంలోనే ఎముక దిమ్మెలను అమర్చసాగారు. అయితే ఆ దిమ్మె ఒకేసారి రెండు పనులు చేయవలసి వచ్చేది: బరువు మోయాలి, కొత్త ఎముకకు విత్తనం కావాలి. శరీరం పాత ఎముకను కరిగించి కొత్తది కట్టే క్రమంలో దిమ్మె కొంతకాలం మెత్తబడుతుంది. సరిగ్గా ఆ సమయంలోనే అది నలిగిపోయి, సంపాదించిన ఎడం కాస్తా పోయేది.

ఈ రెండు పనులనూ వేరుచేసిన వారిలో ముందు చెప్పుకోవలసిన పేరు జార్జ్ బాగ్బీ. ఆయన పశువైద్యులతో కలిసి, మెడలో వెన్నుపాము నొక్కుకుపోయి తూలుతూ నడిచే గుర్రాలకు, రంధ్రాలు వేసిన స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టం అమర్చారు. బరువును గొట్టం మోసేది, గొట్టంలో నింపిన ఆ గుర్రపు ఎముక తురుము రంధ్రాల గుండా పూసలతో కలిసి పెరిగేది. ఆ ఆలోచనే మనుషులకు అనువైన మరలున్న టైటానియం గొట్టంగా మారి, 1996లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి పొందింది. ఈనాటి కేజ్‌లు గొట్టం ఆకారాన్ని దాదాపు వదిలేసినా, నడుమ ఎముక నింపే కిటికీని మాత్రం వదలలేదు. కేజ్ బొమ్మ గీసేటప్పుడు నేను మొదట గీసేది ఆ కిటికీనే.

ప్రశ్న: నేను మెకానికల్ ఇంజినీరింగ్ చదువుతున్నాను. అన్నిటికంటే గట్టి లోహాన్ని ఎంచుకుంటే సరిపోతుంది కదా, పీక్ అనే ప్లాస్టిక్‌తో కేజ్ చేయడం ఎందుకు?

జవాబు: బలం వేరు, బిరుసు వేరు. విరగకుండా ఎంత భారం మోస్తుందన్నది బలం, భారం పడినప్పుడు ఎంత తక్కువగా నలుగుతుందన్నది బిరుసు. కేజ్ విషయంలో బలం ఎలాగూ సరిపోతుంది, చిక్కంతా బిరుసుతోనే. బిరుసును కొలిచే యంగ్ గుణకం కోబాల్ట్ క్రోమ్ అనే లోహమిశ్రమానికి 200 గిగాపాస్కళ్లకు పైన, టైటానియం మిశ్రమానిది సుమారు 110, ఎముక గట్టి పెంకుది 12 నుంచి 20 దాకా, పీక్‌ది 3 నుంచి 4 దాకా, పూస లోపలి స్పంజు వంటి ఎముకది ఒకటి కంటే కూడా తక్కువ.

మెత్తని ఎముకల నడుమ బిరుసైన దిమ్మెను ఇరికిస్తే భారమంతా దిమ్మె గోడల గుండానే దిగుతుంది, కిటికీలోని ఎముక తురుముకు దాదాపు ఏమీ అందదు. భారం పడే చోట ఎముక పెరుగుతుందనీ, పడని చోట కరిగిపోతుందనీ 1892లో జర్మన్ శస్త్రవైద్యుడు యూలియస్ వోల్ఫ్ సూత్రీకరించాడు. కేజ్ రూపకల్పన ఆ సూత్రాన్ని దాటిపోలేదు. పీక్ రావడానికి ఒక ముఖ్యకారణం ఇదే: అది కొద్దిగా నలుగుతుంది, ఆ నలుగుడు లోపలి ఎముకకు కబురు అందిస్తుంది.

అయితే పీక్‌కు ఒక లోటు ఉంది. దాని నున్నని ఉపరితలానికి ఎముక అంటుకోదు, కొన్నిసార్లు రెండింటి నడుమ పీచు కణజాలం పొరలా ఏర్పడుతుంది. టైటానియం ఇందుకు భిన్నం. ఎముక టైటానియంతో నేరుగా కలిసిపోతుందని 1950ల్లో స్వీడన్‌కు చెందిన పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ కుందేళ్ల మీద చేసిన పరిశోధనల్లో గమనించాడు, దంత ఇంప్లాంట్ల పరిశ్రమ ఆ పునాది మీదే నిలిచింది. రెండింటి మేలునూ కలపాలని పీక్ మీద టైటానియం పూత వేసి చూశారు. పూత మంచి ఆలోచనే గాని, కేజ్‌ను సుత్తితో కొట్టి లోపలికి దించేటప్పుడు పలచని పూత రాలే ప్రమాదం ఉంటుంది.

ఇప్పుడు ఎక్కువ ఆశ కలిగిస్తున్న దారి, పొడిని పొరలు పొరలుగా కరిగించి త్రీడీ ముద్రణలో చేసే రంధ్రమయ టైటానియం. కొన్ని వందల మైక్రాన్ల వెడల్పున్న రంధ్రాల జాలిగా అల్లితే అదే టైటానియం ఎముకకు దగ్గరి బిరుసుకు దిగివస్తుంది, పైగా ఎముక ఆ రంధ్రాల్లోకి పాకి పట్టు బిగిస్తుంది. ఇక్కడా ఉచితంగా ఏదీ రాదు. జాలిలో కరగకుండా మిగిలిన పొడిని పూర్తిగా కడిగి తీయాలి. టైటానియం గీతను, గంటును సహించదు కనుక జాలిలోని ప్రతి సన్నని కడ్డీ అలసటకు పగులు మొదలయ్యే చోటు కావచ్చు. అందుకే బయటి చట్రాన్ని నిండు లోహంతో చేసి, జాలిని లోపల, పై కింది ముఖాల మీద మాత్రమే ఉంచడం నాకు నచ్చిన పద్ధతి.

ప్రశ్న: నాకు 68 ఏళ్లు. ఎముకల సాంద్రత తక్కువగా ఉందనీ, కేజ్ పెడితే అది ఎముకలోకి కుంగవచ్చనీ చెప్పారు. కేజ్‌ను ఇంకా బలంగా తయారు చేస్తే ఈ భయం ఉండదు కదండీ?

జవాబు: మీ ప్రశ్న ఈ రంగానికి గుండెకాయ వంటిది, అందుకే కాస్త వివరంగా రాస్తాను. కుంగడంలో ఓడిపోయేది కేజ్ కాదు, దాని కింద ఉన్న ఎముక. మెత్తని నేలలో మంచం కోడు దిగబడితే కోడును ఉక్కుతో చేయించినా లాభం లేదు, కోడు కింద పలక వేయాలి. ఎంత వైశాల్యం మీద, ఏ చోట భారం పెడుతున్నామన్నదే లెక్క.

ఈ పాఠాన్ని వైద్యలోకం ముందే నేర్చుకుంది. స్వీడన్‌కు చెందిన ఉల్ఫ్ ఫెర్న్‌స్ట్రోమ్ 1960ల్లో డిస్క్ స్థానంలో స్టెయిన్‌లెస్ స్టీలు గోళాలను అమర్చాడు. గోళం అన్ని వైపులకూ తిరుగుతుంది కనుక కదలిక నిలుస్తుందని ఆయన ఆశ. కాని గోళం చదునైన ఎముకను తాకేది దాదాపు ఒక బిందువు దగ్గరే. అంత భారం అంత చిన్న చోట పడేసరికి ఎన్నో గోళాలు పూసల్లోకి దిగిపోయాయి. ఉక్కుకు ఏ లోపమూ జరగలేదు, అది ఆనుకున్న తీరులోనే తప్పంతా ఉంది.

పూస పై, కింది ముఖాలను కప్పి ఉండే ఎండ్‌ప్లేట్ చాలా పలచన, చాలా చోట్ల మిల్లీమీటరు కూడా ఉండదు. దాని వెనక ఉన్నది స్పంజు వంటి ఎముకే. పైగా ఆ ఎండ్‌ప్లేట్ అన్ని చోట్లా ఒకే బలంతో ఉండదు. కెనడా పరిశోధకులు నడుము పూసల ముఖాలను చుక్క చుక్కగా నొక్కి చూసి తయారుచేసిన బలాబలాల పటం 2001లో వెలువడింది. అంచుల దగ్గర, ముఖ్యంగా వెనక మూలల్లో ఎముక గట్టిగా ఉంటుంది, నడిమధ్యలో బలహీనంగా ఉంటుంది. నడుము పూసల అడుగుముఖం పైముఖం కంటే బలమైనది. ఈ పటం చూశాక కేజ్‌ను వీలైనంత వెడల్పుగా, గట్టి అంచు వలయం మీద ఆనేలా చేయాలన్నది రూపకర్తలకు దాదాపు నియమమైంది. నడిమధ్యలో ఎముక ఎలాగూ బలహీనం కనుక అక్కడ కిటికీ ఉండడం అదృష్టవశాత్తూ రెండు అవసరాలకూ కలిసివచ్చింది.

ఇక ఎత్తు. డిస్క్ కుంగినప్పుడు పక్కనున్న నరం బయటికి వచ్చే రంధ్రం కూడా ఇరుకవుతుంది. తగిన ఎత్తున్న కేజ్ పూసలను ఎడం చేసి ఆ రంధ్రాన్ని తెరుస్తుంది, చుట్టూ ఉన్న స్నాయువులు బిగుసుకుని కేజ్‌ను పట్టి ఉంచుతాయి. ఇంత మేలు చేస్తోంది కదా అని ఇంకో రెండు మిల్లీమీటర్ల ఎత్తు ఎక్కువ పెడితే, బిగుసుకున్న స్నాయువులు పగలూ రాత్రీ కేజ్‌ను ఎముకలోకి నొక్కుతూనే ఉంటాయి. ఎముక సాంద్రత తక్కువైన వారిలో ఇది మరీ ప్రమాదం. డిస్క్ అవశేషాలను గీకి తీసేటప్పుడు ఎండ్‌ప్లేట్ గాయపడినా ఇదే ఫలితం. కనుక ఎముక సాంద్రత తక్కువని ముందే తెలియడం మీకు మేలే చేసింది. శస్త్రచికిత్సకు ముందే ఎముకకు చికిత్స ఇవ్వడం, వెడల్పైన కేజ్‌ను ఎంచుకోవడం, స్క్రూల పట్టుకు ఎముక సిమెంటు వాడడం వంటి మార్గాల్లో ఏది మీకు తగునో వైద్యులను అడగండి. కొద్దిగా కుంగి ఆగిపోయి, ఆ స్థితిలోనే చక్కగా అతుక్కున్న కేజ్‌లు కూడా ఉంటాయి కనుక, ఎక్స్‌రేలో ఒకటి రెండు మిల్లీమీటర్ల మార్పు కనబడితే అదే ఓటమి అని భయపడనవసరం లేదు.

ప్రశ్న: కొన్ని కేజ్‌లు అరటిపండులా వంగి, కొన్ని తూటాలా సన్నగా, కొన్ని ఏటవాలుగా ఉంటాయని చదివాను. ఇన్ని ఆకారాలు ఎందుకు?

జవాబు: ఆకారాన్ని నిర్ణయించేది రెండు విషయాలు: లోపలికి వెళ్లే దారి, లోపల నిలవవలసిన వంపు.

వీపు వైపు నుంచి వెళ్తే నరాల పక్కగా దూరాలి కనుక కేజ్ సన్నగా, మొన గుండ్రంగా ఉండాలి. పక్కవాటుగా దూరి, ముందు అంచు దగ్గర తిరిగి అడ్డంగా కూర్చోవడానికి అరటిపండు ఆకారం పనికొస్తుంది. పొట్ట వైపు నుంచి వెళ్తే పెద్ద రక్తనాళాలను జాగ్రత్తగా తప్పించాలి గాని, వెడల్పైన కేజ్ పెట్టవచ్చు. పక్క నుంచి వెళ్లే పద్ధతిలో కేజ్ ఒక అంచు నుంచి రెండో అంచు దాకా వంతెనలా పడుకుంటుంది. సన్నగా దూరి లోపల విచ్చుకునే కేజ్‌లు కూడా వచ్చాయి. వాటి మీద నాకు గౌరవమూ ఉంది, జంకూ ఉంది. విచ్చుకునే యంత్రాంగం ఎముక నింపవలసిన జాగాను తినేస్తుంది. పైగా మర తిప్పి విచ్చేటప్పుడు చేతి బలం ఎన్నో రెట్లు పెరుగుతుంది కనుక, ఎండ్‌ప్లేట్ చిట్లుతున్నా వైద్యుని వేళ్లకు తెలియకపోవచ్చు.

ఏటవాలు సంగతికి వస్తే, నడుము దగ్గర వెన్ను సహజంగా లోపలికి వంగి ఉంటుంది. ఆ లోవంపులో మూడింట రెండు వంతులు నాలుగో నడుము పూస నుంచి త్రికాస్థి (నడుము పూసల కింది ఎముక) వరకు ఉన్న చిన్న భాగంలోనే ఉంది. పాల్ హారింగ్టన్ 1962లో ప్రకటించిన ఉక్కు రాడ్లు వెన్ను పక్కకు పోయే వంకరలను సరిచేయడంలో గొప్ప ముందడుగే అయినా, వాటిని నడుము దాకా అమర్చినప్పుడు వెన్నును నిటారుగా సాగదీయడం వల్ల కొందరికి ఆ లోవంపు పోయి, ముందుకు వాలిన నడక మిగిలింది. ఆ అనుభవం తర్వాతే కేజ్ ముందు వైపు ఎత్తు ఎక్కువగా, వెనక తక్కువగా, కొన్ని డిగ్రీల ఏటవాలుతో తయారు చేయడం అలవాటైంది. వంపు తప్పిన చోట అతుకు ఎంత బాగా పడినా, దాని పై, కింది డిస్క్‌లు ఆ తప్పును జీవితాంతం మోస్తాయి.

ప్రశ్న: కేజ్ ఉన్నవారు ఎమ్మారై తీయించుకోవచ్చా?

జవాబు: టైటానియం, పీక్ రెండూ అయస్కాంతానికి లాగబడేవి కావు. టైటానియం చుట్టూ చిత్రం కొంత చెదురుతుంది, పీక్ దగ్గర చెదరదు. పీక్ ఎక్స్‌రేలో కనబడదు కాబట్టి స్థానం తెలియడానికి అందులో టాంటలమ్ అనే లోహపు సూదిముక్కలు పొదుగుతారు. అయినా ఇంప్లాంట్ వివరాలున్న కార్డును స్కాన్‌కు ముందు తప్పక చూపించండి.

ప్రశ్న: అతికించడానికి బదులు కదిలే కృత్రిమ డిస్క్ పెడితే మేలు కదా?

జవాబు: తగిన రోగికి మేలే. బెర్లిన్‌లోని షారిటే ఆసుపత్రిలో 1980ల తొలినాళ్లలో అటువంటి డిస్క్‌ను రూపొందించినవారిలో ఒకరు కారిన్ బ్యూట్నర్ యాంజ్. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో జిమ్నాస్టిక్స్‌లో రెండు బంగారు పతకాలు గెలిచిన క్రీడాకారిణి, తర్వాత శస్త్రవైద్యురాలై వెన్ను కదలికను కాపాడే పనిలో దిగడం నాకెంతో ఇష్టమైన సంగతి. అయితే రూపకర్తకు ఇది పూర్తిగా వేరే సమస్య. కేజ్‌కు ఎముక వచ్చి ఆసరా ఇస్తుంది, కృత్రిమ డిస్క్‌కు ఆ ఆసరా ఎన్నటికీ రాదు. అందుకే అతుకు కేజ్‌ను సాధారణంగా భారం వేసి తీసే 50 లక్షల ఆవృత్తుల దాకా పరీక్షిస్తే, కృత్రిమ డిస్క్‌ను 1 కోటి దాకా పరీక్షిస్తారు. ఏడాదికి 1,25,000 సార్లు గట్టిగా వంగుతామనుకుంటే అది 80 ఏళ్ల వాడకం. విరగకపోతే చాలదు, రాపిడికి రాలే పొడి కూడా శరీరానికి హాని చేయకూడదు. పూసల వెనక ఉండే కీళ్లు అరిగినవారికి, ఎముక బలహీనమైనవారికి ఇది సాధారణంగా తగదు.

ప్రశ్న: చివరి ఏడాది ప్రాజెక్టుగా కంప్యూటర్‌లో కేజ్ గీసి, భారం వేసి విశ్లేషించాను. లోహంలో ఒత్తిడి దాని హద్దు కంటే చాలా తక్కువగా వచ్చింది. డిజైన్ పూర్తయినట్లేనా?

జవాబు: చేసిన పని మంచిదే, అయితే ఒత్తిడిని చూపే ఆ రంగు పటాన్ని కేజ్ మీద నుంచి ఎండ్‌ప్లేట్ మీదికి మార్చి మళ్లీ చూడండి. ఎముకను ఆరోగ్యవంతుడైన యువకుని విలువలతో ఒకసారి, అందులో సగం కంటే తక్కువ బిరుసుతో మరోసారి లెక్కించండి. కేజ్ ముఖమంతా ఎముకకు సమానంగా ఆనుతుందన్న ఊహను తీసేసి, రెండు అంచుల దగ్గరే ఆనినట్లు పెట్టి చూడండి, ఎందుకంటే నిజమైన ఎండ్‌ప్లేట్ పుటాకారంగా ఉంటుంది. ప్రయోగశాలలో కూడా ఈ రెండు ప్రశ్నలకూ వేర్వేరు పరీక్షలున్నాయి: పరీక్షా ప్రమాణాలు రూపొందించే ఏఎస్‌టీఎం సంస్థ ప్రమాణాల్లో ఎఫ్2077 కేజ్ అలసటను చూస్తుంది, ఎఫ్2267 కేజ్ ఎంత కుంగుతుందో పాలీయురితేన్ నురుగు దిమ్మెల మధ్య నొక్కి చూస్తుంది. రెండో దానిలో దిమ్మె ఓడిపోతే ఆ తప్పు దిమ్మెది అని రాయకండి.

ఇంకొకటి. మీరు నిలబడిన మనిషి భారం వేశారు గాని, సుత్తి దెబ్బ వేయలేదు. కేజ్ జీవితంలో అత్యంత కఠినమైన క్షణం చాలాసార్లు అది లోపలికి దిగే క్షణమే. పట్టుకుని దించే పనిముట్టు మర ఎక్కే రంధ్రం దగ్గర గోడ పలచబడి, దెబ్బ కాస్త పక్కకు పడినప్పుడు పీక్ కేజ్‌లు అక్కడే చిట్లిన సందర్భాలున్నాయి. మీ నమూనాలో ఆ రంధ్రం చుట్టూ ఎంత గోడ మిగిలిందో ముందు కొలిచి చూడండి.